చలి ప్రాంతంలో కుండీలో నిమ్మ, జామ, మామిడి: శీతాకాలం దాటించి కాయించడం ఎలా

మీరు అడిగింది ఇదీ. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నా కిందికి పడిపోయే చోట ఉంటున్నారు. టెంక పాతితే మొలిచిన మామిడి, ఒక నిమ్మ అంటు, ఒక జామ మీ దగ్గర కుండీల్లో ఉన్నాయి. చలి మొదలవగానే మూడింటినీ హాల్లోకి తెచ్చి హీటర్ పక్కన పెట్టారు, రోజూ నీళ్లు పోశారు. నిమ్మ ఆకులన్నీ రాల్చేసింది, మామిడి ఆకుల అంచులు మాడాయి, జామ పాలిపోయిన పొడుగాటి చిగుళ్లు వేస్తోంది. చలి తగలకుండా చూసుకున్నా ఎందుకిలా అయింది, అసలు ఇలాంటి చోట కాయలు కాస్తాయా, ఇంకా ఏమేం పెట్టుకోవచ్చు అని అడిగారు.

కాస్తాయండి. ఉష్ణమండలపు చెట్లన్నీ కాయవు గానీ, మీ దగ్గరున్న మూడూ కుండీలో కాసే జాతులే. మీ మొక్కలు చలికి దెబ్బతినలేదు. వెలుతురు లేని చోట వెచ్చదనం ఇచ్చారు, తంటా అక్కడ వచ్చింది. వెలుతురు పడే ఒక చల్లటి గదిలో కిటికీకి దగ్గరగా పెట్టి, నీళ్లు బాగా తగ్గించి వదిలేసి ఉంటే నిమ్మా జామా ఈపాటికి పచ్చగానే ఉండేవి.

ఆకు వెలుతురు ఉన్నప్పుడే ఆహారం తయారుచేసుకుంటుంది. ఖర్చు మాత్రం రాత్రీ పగలూ పెడుతూనే ఉంటుంది. ఆ ఖర్చు వేడిని బట్టి పెరుగుతుంది, 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపు అని లెక్క. అంటే 22 డిగ్రీల హాల్లో ఉన్న మొక్క, 12 డిగ్రీల గదిలో ఉన్న మొక్క కంటే దాదాపు రెండింతలు ఖర్చు పెడుతుంది. రాబడి చూస్తే కిటికీలోంచి వచ్చే ఆ కాస్త వెలుతురే. జీతం ఆగిన నెలల్లో ఇంటి ఖర్చు రెట్టింపు చేసుకుంటే ఎలా ఉంటుందో మీ మొక్కల పరిస్థితి అలా ఉంది. ముందు కొమ్మల్లో దాచుకున్నది కరుగుతుంది, తర్వాత పాత ఆకులు పోతాయి. మీ జామ వేసిన పాలిపోయిన చిగుళ్లు చూసి పెరుగుతోందని సంతోషపడకండి. వెలుతురు కోసం వెతుక్కుంటూ ఉన్న నిల్వ అంతా వాటి మీదే పెడుతోంది.

వెలుతురు విషయంలో మన కన్ను మనల్ని బాగా మోసం చేస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. మామూలుగా లైటు వేసుకున్న గదిలో ఉండేది కొన్ని వందల లక్స్ మాత్రమే. మన కంటికి రెండూ 'బాగానే కనిపిస్తోంది' అనిపిస్తాయి, ఆకుకి మాత్రం రెండోది చీకటితో సమానం. భూమధ్యరేఖ నుంచి 50 డిగ్రీల అక్షాంశం దగ్గర శీతాకాలం నడిమధ్యలో పగలు 8 గంటలే. అప్పుడు మధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజానికి 16, 17 డిగ్రీల ఎత్తుకు మించడు. ఆ వెలుతురు కూడా కిటికీ నుంచి ఒకటి రెండు మీటర్లు లోపలికి వచ్చేసరికి చాలావరకు పోతుంది. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని కిటికీ అంచున ఒకసారి, ఇప్పుడు కుండీ ఉన్న చోట ఒకసారి కొలవండి. యాప్ చూపించే అంకె అంత కచ్చితం కాకపోయినా రెండింటి మధ్య తేడా చూస్తే విషయం అర్థమైపోతుంది.

కాబట్టి శీతాకాలానికి ప్రతి మొక్కకూ ఒక దారి ఎంచుకోవాలి. నిద్రపుచ్చడం ఒకటి, పూర్తిగా మేలుకొలిపి ఉంచడం ఇంకొకటి. నిద్ర అంటే 6 నుంచి 12 డిగ్రీల మధ్య ఉండే చోటు, వీలైనంత వెలుతురు, చాలా తక్కువ నీళ్లు, ఎరువు అసలు వద్దు. హీటర్ వేయని గది, అద్దాలు బిగించిన బాల్కనీ, కిటికీ ఉన్న మెట్ల దారి దీనికి సరిపోతాయి. మెలకువ అంటే 18 డిగ్రీలకు పైన వేడి, దాంతోపాటు రోజుకు 12 నుంచి 14 గంటలు గ్రో లైట్, అంటే మొక్కలు పెరగడానికి పెట్టే లైటు. నిమ్మ, నారింజ జాతులు, జామ, సీతాఫలం, అంజూర, దానిమ్మ నిద్రను బాగా ఓర్చుకుంటాయి. బొప్పాయి, అనాసలను చల్లటి గదిలో నిద్రపుచ్చలేం. మామిడి వయసును బట్టి ఉంటుంది: ముదిరిన అంటు మొక్క 8, 10 డిగ్రీలను తట్టుకుంటుంది, ఏడాది రెండేళ్ల గింజ మొక్కను మాత్రం వెచ్చగా, లైటు కింద ఉంచడమే క్షేమం. రెండు దారులకూ మధ్యలో నిలబడితే, అంటే వెచ్చగా ఉంచి లైటు ఇవ్వకపోతే, మీకు జరిగిందే జరుగుతుంది.

గ్రో లైట్ కొనేటప్పుడు గులాబీ రంగువి అక్కర్లేదు. తెల్లటి ఎల్ఈడీ చాలు, మొక్క ఎలా ఉందో కంటికి కూడా తెలుస్తుంది. పెట్టె మీద 'ఇన్ని వాట్లకు సమానం' అని రాసింది వదిలేసి, నిజంగా లాగే కరెంటు ఎన్ని వాట్లో చూడండి. 10 వాట్ల క్లిప్ లైటు మొలకలకు సరిపోతుంది గానీ మీటరు ఎత్తు చెట్టుకు ఏ మూలకీ రాదు. ఆకులకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో వేలాడదీసి టైమర్ పెట్టేయండి. రాత్రంతా వెలిగించి ఉంచకండి.

ఇప్పుడు నిమ్మ సంగతి. అది ఆకులు రాల్చడానికి వెలుతురు తక్కువ కావడంతో పాటు ఇంకో కారణం ఉండొచ్చు. చాలామంది దాన్ని గమనించరు. నిమ్మ జాతి వేళ్లు మట్టి 12, 13 డిగ్రీలకు దిగేసరికి పని దాదాపు ఆపేస్తాయి. రాతి పలకల నేల మీద పెట్టిన కుండీలో మట్టి, గదిలో గాలి కంటే చాలా చల్లగా ఉంటుంది. కిటికీలోంచి ఎండ పడితేనో, హీటర్ వేడిగాలి తగిలితేనో ఆకు వెచ్చబడి నీళ్లు అడుగుతుంది. వేళ్లేమో ఇవ్వలేవు. కుండీ నిండా తడి ఉన్నా చెట్టు దాహంతో ఉన్నట్టే లెక్క. అప్పుడది ఆకులు వదిలించుకుంటుంది. చాలాసార్లు ఆకులు వాడకుండా, పచ్చగా ఉండగానే టపటపా రాలతాయి. అది చూసి కంగారుపడి ఇంకా నీళ్లు పోస్తాం. చల్లటి తడిమట్టిలో పని లేకుండా ఉన్న వేళ్లు కుళ్లడం మొదలెడతాయి.

వంటింటి థర్మామీటర్ పుల్లను మట్టిలో వేలెడు లోతుకు గుచ్చి చూడండి, ఒకసారి కుండీ అంచున, ఒకసారి మొదలు దగ్గర. గాలి 21 ఉన్న గదిలోనే మట్టి 14 చూపించడం వింతేమీ కాదు. కుండీని నేల మీద నుంచి లేపి చెక్క స్టాండు మీదో, మందమైన థర్మోకోల్ ముక్క మీదో పెడితే చాలా తేడా వస్తుంది. వెచ్చగా ఉంచదలిస్తే మొలకలకు వాడే హీట్ మ్యాట్ ఒకటి కుండీ కింద పరిచి, థర్మోస్టాట్‌ను 20 డిగ్రీల దగ్గర పెట్టండి. లేదా దీనికి పూర్తిగా ఎదురు దారి: గాలినీ చల్లగానే ఉంచేయండి. వేళ్లు నిద్రపోతుంటే ఆకులూ నిద్రపోవాలి, అంతే.

ఈ రెండు దారులూ పాతవే. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదంలో నారింజ చెట్ల కోసం 1684, 1686 మధ్య ఒక పెద్ద భవనం కట్టారు. మందమైన గోడలు, దక్షిణం వైపు ఎత్తైన కిటికీలు. చెట్లు చెక్క పెట్టెల్లో ఉంటాయి, చలికాలమంతా లోపల గడిపి మే నెలలో బయటికి వస్తాయి. ఆ హాలు చల్లగానే ఉంటుంది, చెట్లు ఏళ్ల తరబడి బతుకుతాయి. అనాస పండించాలనుకున్న ఐరోపా తోటమాలులు దీనికి ఎదురు దారి పట్టారు. తోళ్లు ఊనడానికి వాడేసిన ఓక్ బెరడును గుంటల్లో నింపి, అది పులుస్తూ పుట్టించే వేడిలో కుండీలను మెడ దాకా పాతిపెట్టేవారు. థర్మోస్టాట్ లేని 18వ శతాబ్దంలోనే కింద నుంచి వేడి ఇవ్వాలని వాళ్లు గ్రహించారు.

నీళ్ల విషయంలో 'రోజూ ఇన్ని', 'వారానికి ఇన్ని' అనే లెక్కలన్నీ పక్కన పెట్టండి. కుండీ ఎత్తి బరువు చూడటమే నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి. నీళ్లు నిండుగా పోసి కిందికి కారిపోయాక ఒకసారి ఎత్తి చూడండి, ఆ బరువు చేతికి గుర్తుంటుంది. బాగా తేలికయ్యాక మళ్లీ పోయండి. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే వెదురు పుల్లను లోతుగా గుచ్చి పావుగంట ఆగి తీయండి. తడిగా, మట్టి అంటుకుని వస్తే ఇంకా అవసరం లేదు. చల్లటి గదిలో నిద్రపోయే నిమ్మకు మూడు నాలుగు వారాలు నీళ్లు అడగని రోజులూ ఉంటాయి. పోసినప్పుడు కుళాయిలోంచి వచ్చే మంచులాంటి నీళ్లు కాకుండా గది వేడికి వచ్చినవి పోయండి. అడుగున పళ్లెంలో మిగిలిన నీటిని పారబోయండి.

మీ మామిడి ఆకుల అంచులు మాడటానికి గాలిలో తేమ లేకపోవడం, మట్టిలో ఉప్పు పేరుకోవడం రెండూ కలిసి ఉంటాయి. హీటర్ నడిచే ఇళ్లలో తేమ 25, 30 శాతానికి పడిపోతుంది. మామిడికి ఉప్పు అసలు పడదు. కాస్త కాస్త నీళ్లు రోజూ పోస్తుంటే నీరు పైనుంచి ఆవిరైపోయి, అందులోని లవణాలన్నీ మట్టిలోనే ఉండిపోతాయి. మట్టి పైన, కుండీ అంచున తెల్లటి పొర కనిపిస్తుంటే అదే. వాన నీళ్లు పట్టుకుని వాడగలిగితే అంతకంటే మంచిది లేదు. లేదంటే రెండు నెలలకోసారి కుండీకి రెట్టింపు పరిమాణంలో నీళ్లు మెల్లగా పోసి కడిగేయండి. ఆకుల మీద స్ప్రే చేయడం వల్ల తేమ పెరిగేది నిమిషాల సేపే. హ్యూమిడిఫయర్ పనిచేస్తుంది, హీటర్‌కు దూరం జరపడం ఇంకా బాగా పనిచేస్తుంది.

కుండీ గురించి రెండు మాటలు. చిన్న మొక్కను ఒకేసారి పెద్ద కుండీలో పెట్టకండి. వేళ్లు చేరని మట్టి వారాల తరబడి తడిగానే ఉండిపోతుంది, చలి ప్రాంతంలో వేరుకుళ్లుకు అదే దారి. ఒక్కో మెట్టూ ఎక్కుతూ చివరికి 40, 50 లీటర్ల దగ్గర ఆగండి, ఆపైన మోయలేరు. చక్రాల స్టాండు ఇప్పుడే కొనేయండి. కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. మట్టికి, రాళ్లకు మధ్య నీరు ఆగిపోతుంది, తడిపొర ఇంకా పైకి, వేళ్లకు దగ్గరగా వస్తుంది. అడుగు నుంచి పై దాకా ఒకే మిశ్రమం వేయండి. తోట మట్టి కుండీలో గట్టిపడిపోతుంది. బెరడు ముక్కలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) కలిపి, పిడికిట్లో పిండి వదిలితే విడిపోయేలా ఉండాలి. కోకోపీట్ ఒక్కటే వేస్తే తడి వదలదు.

ఎరువు వెచ్చటి నెలల్లోనే. వర్మీకంపోస్ట్, పశువుల ఎరువు లాంటివి మట్టిలోని సూక్ష్మజీవుల ద్వారా కరగాలి, 10 డిగ్రీల కింద వాటి పని బాగా మందగిస్తుంది. అందుకే వసంతం మొదట్లో ఎన్ని పిడికిళ్లు వేసినా ఆకులు పచ్చబడవు. అప్పుడు నీటిలో కరిగే ఎరువును సగం మోతాదులో ఇచ్చి, ఎండలు ముదిరాక సేంద్రియ ఎరువులకు మారండి. కొత్త చిగుళ్లు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే ఇనుము లోపం. చలికాలంలో అది వేళ్లు చల్లబడినందుకు కూడా వస్తుంది, మట్టి వెచ్చబడ్డాక దానంతటదే పోతుంది. వేసవిలోనూ పోకపోతే మీ నీటిలో సున్నం ఎక్కువని అర్థం. అప్పుడు ఐరన్ కీలేట్ (మొక్క పీల్చుకోగల రూపంలో ఇచ్చే ఇనుము) వాడండి, పెట్టె మీద ఈడీడీహెచ్ఏ (EDDHA) అని ఉన్న రకం, సున్నపు మట్టిలో మామూలు కీలేట్లు నిలబడవు.

ఇక ఏం పెట్టుకోవాలన్న ప్రశ్న. నన్నడిగితే మొదటి ఓటు జామకే. కొత్త కొమ్మల మీదే పూస్తుంది కాబట్టి, వసంతం మొదట్లో సగానికి కత్తిరించేసినా అదే వేసవిలో పూత వస్తుంది. చిన్నగా ఉంచుకోవచ్చు, లోపలికి తేవడం తేలిక, అంటు మొక్క ఏడాది రెండేళ్లకే కాస్తుంది. చల్లబడ్డప్పుడు ఆకులు ఊదా ఎరుపు రంగుకు తిరుగుతాయి. అది తెగులు కాదు, మందులు కొట్టకండి. పూత నుంచి పండు దాకా నాలుగైదు నెలలు పడుతుంది కాబట్టి కత్తిరింపు ఆలస్యం చేస్తే కాయలు పండకముందే చలి వచ్చేస్తుంది.

తర్వాత నిమ్మ జాతులు. మేయర్ నిమ్మ, కలమాండిన్, కుమ్‌క్వాట్ కుండీకి బాగా అలవాటుపడ్డ రకాలు. పరాగసంపర్కానికి మనం చేయాల్సిందేమీ ఉండదు. పూలు లోపల పూసినా కాయ నిలబడుతుంది.

సీతాఫలం చలి ప్రాంతం వాళ్లు పట్టించుకోని చెట్టు, నాకు మాత్రం చాలా ఇష్టం. శీతాకాలంలో ఆకులు రాల్చేస్తుంది కాబట్టి నిద్రపోయేటప్పుడు వెలుతురు అంతగా అడగదు. ఇబ్బందల్లా పూతతో. దాని పువ్వు మొదట ఆడది, తర్వాత మగది. దళసరిగా, ఆకుపచ్చగా ఉన్న మూడు రేకులు కొసల దగ్గర కొంచెం విచ్చుకున్నప్పుడు లోపల కీలాగ్రం తడిగా మెరుస్తుంది, పుప్పొడి ఉండదు. కొన్ని గంటలయ్యాక రేకులు బాగా తెరుచుకుంటాయి, కేసరాలు వదులై గోధుమ రంగుకు తిరిగి, వేలితో తట్టగానే రాలతాయి. అప్పటికి ఆడ దశ అయిపోయి ఉంటుంది. సహజంగా ఈ పని చేసేవి చిన్న చిన్న పెంకు పురుగులు, అవి మీ బాల్కనీలో ఉండవు. కాబట్టి బాగా తెరుచుకున్న పువ్వును కాగితం మీద తట్టి ఆ పొడిని సన్నటి బ్రష్‌తో తీసుకుని, అప్పుడే విచ్చుకుంటున్న పువ్వు రేకులను వేలితో మెల్లగా విడదీసి కీలాగ్రం చుట్టూ నాలుగు వైపులా అద్దాలి. ఒకవైపే అంటితే కాయ వంకరగా పెరుగుతుంది. పనికి ఉదయం పూట అనువు.

మామిడి. మీ దగ్గరున్నది గింజ మొక్క. అది పూతకు రావడానికి ఐదారేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, అప్పటికి మీ పైకప్పును తాకుతుంది. తల్లి చెట్టు రుచే వస్తుందన్న నమ్మకమూ లేదు. కాయ కావాలంటే పొట్టిగా ఉండే రకం అంటు తీసుకోండి. దశేరి, నీలం కలిపి తీసిన ఆమ్రపాలి గానీ, పికరింగ్ గానీ కుండీకి బాగుంటాయి. గింజ మొక్క మీద మమకారం ఉంటే అంటు కట్టడం నేర్చుకుని, దాని మీదే మంచి రకం పుల్ల ఎక్కించండి.

చలి ప్రాంతంలో మామిడికి ఒక లాభం ఉంది, చాలామంది దాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు. మామిడి పూతకు రావాలంటే ముదిరిన ఆకులున్న కొమ్మలకు కొన్ని వారాల పాటు చల్లటి రాత్రులు కావాలి, 10 నుంచి 15 డిగ్రీల మధ్య. మీ శరదృతువులో ఆ రాత్రులు ఊరికే దొరుకుతాయి. కొంచెం చల్లబడగానే భయపడి వెచ్చటి గదిలోకి తెచ్చేస్తే చెట్టు పూతకు బదులు చిగుళ్లు వేస్తుంది. రాత్రి 8 డిగ్రీల దాకా దిగినా అంటు మామిడిని బయటే ఉంచండి, 5 డిగ్రీలకు దిగుతుందనగా లోపలికి తేండి. ఆ పైన వచ్చే చిక్కు ఏంటంటే, పూత నడి శీతాకాలంలో వచ్చేస్తుంది. 15 డిగ్రీల కింద తయారైన పుప్పొడి సరిగా పనిచేయదు, ఈగలూ ఉండవు. అందుకని మొదటి పూత గుత్తిని వేలెడు పొడవు ఉండగానే తుంచేయండి. రాత్రులు ఇంకా చల్లగానే ఉంటే పక్క మొగ్గల నుంచి కొన్ని వారాల తర్వాత మళ్లీ పూత వస్తుంది, అప్పటికి పగటి వెలుతురు పెరుగుతుంది. ఆ రెండో పూతను వెచ్చటి చోట ఉంచి, చిన్న ఫ్యాను నెమ్మదిగా తిప్పుతూ, మెత్తటి బ్రష్‌తో గుత్తి మీద పైనుంచి కిందికి రెండు రోజులకోసారి నిమరండి. పూత మీద నీళ్లు చల్లొద్దు, తడికి నల్లమచ్చలు వచ్చి పూతంతా మాడిపోతుంది. వందల పూలలో చాలావరకు మగవే, పిందెలు బఠాణీ గింజంత అయ్యాక కూడా ఎక్కువ భాగం రాలిపోతాయి. మీటరు ఎత్తు చెట్టు మీద రెండు మూడు కాయలు నిలిస్తే చాలు. అంతకు మించి నిలిచినా మీరే తీసేయండి, లేదంటే వచ్చే ఏడాది పూత ఉండదు.

అనాస సరదాకి బాగుంటుంది. కిరీటాన్ని నాటితే వేళ్లు వేస్తుంది, రెండేళ్లకు అటూ ఇటూగా పూతకు వస్తుంది. పెద్దదైనా పూయకపోతే పండిన ఆపిల్‌ను కుండీలో పెట్టి మొత్తాన్ని ప్లాస్టిక్ సంచితో కొన్ని రోజులు కప్పండి, ఆపిల్ వదిలే ఇథిలీన్ పూతను రప్పిస్తుంది. బొప్పాయి పెరుగుతుంది, పూస్తుంది, సరిగ్గా కాయలు ఊరే సమయానికి చలి వచ్చి చల్లటి తడిలో మొదలు కుళ్లి పడిపోతుంది. గ్రీన్‌హౌస్ లేకుండా నేనైతే పెట్టను. పొట్టి అరటి ఆకుల అందం కోసం పెట్టుకోవచ్చు. 14 డిగ్రీల కింద పెరుగుదల ఆగిపోతుంది కాబట్టి గెల మీద ఆశ పెట్టుకోవద్దు. సపోటా బతుకుతుంది గానీ చాలా నిదానం. పనస, కొబ్బరి, మాంగోస్టీన్ వైపు చూడకండి.

పురుగుల గురించి తెలుసుకోవాల్సింది ఎర్రనల్లి, పొలుసు పురుగు, పిండినల్లి. మూడూ వెచ్చటి పొడిగదిలో పండగ చేసుకుంటాయి, మీ హాల్లాంటి చోటన్నమాట. ఆకు పైన ఇసుక చల్లినట్టు సన్నటి తెల్లచుక్కలు కనిపిస్తే, ఆకు కింద తెల్లకాగితం పట్టి తట్టండి. పడిన దుమ్ములో నలుసులు నడుస్తుంటే ఎర్రనల్లి. షవర్ కింద ఆకుల అడుగు భాగాన్ని బాగా కడిగి, సబ్బు నీళ్లు కలిపిన వేపనూనెను ఐదారు రోజుల తేడాతో కనీసం మూడుసార్లు కొట్టండి, గుడ్లు ఒక్క విడతకు చావవు. కొట్టిన వెంటనే ఎండలోనో లైటు కిందో పెడితే ఆకులు కాలతాయి. ఆకులు జిగటగా ఉన్నాయంటే కొమ్మల మీద, ఈనెల వెంబడి గోధుమ రంగు పొలుసుల కోసం వెతకండి. పాత టూత్‌బ్రష్‌తో గీకేయడమే మంచి మందు.

వసంతంలో బయటికి తీసేటప్పుడు తొందరొద్దు. రాత్రులు 10, 12 డిగ్రీల దగ్గర నిలబడ్డాక మొదలెట్టండి. తిన్నగా ఎండలో పెడితే ఒక్క మధ్యాహ్నానికే ఆకుల మీద తెల్లటి మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. మొదటి వారం పూర్తి నీడ, రెండో వారం ఉదయపు ఎండ, ఆ తర్వాత మామూలుగా. శరదృతువులో తిరిగి లోపలికి తెచ్చే పని హీటర్ వేయడం మొదలుకాకముందే చేస్తే మొక్క పొడిగాలికి మెల్లగా అలవాటుపడుతుంది. తెచ్చే ముందు కడిగి, కుండీ అడుగు కూడా చూడండి, చీమలూ నత్తలూ అక్కడే దాక్కుంటాయి.

ఇప్పుడు మీ మూడు మొక్కలకూ ఈ వారం చేయాల్సింది చెబుతాను. జామను చల్లటి గదిలో కిటికీ దగ్గరికి మార్చి, ఆ పాలిపోయిన చిగుళ్లను ఇప్పుడు కత్తిరించకుండా వసంతం దాకా ఆగండి. మామిడిని హీటర్ నుంచి దూరం జరిపి లైటు కిందికి తెచ్చి, మట్టిని ఒకసారి కడిగేయండి. మాడిన అంచులు బాగుపడవు గానీ ఆకులో మిగతా భాగం పనిచేస్తూనే ఉంటుంది, తుంచకండి. నిమ్మ కొమ్మ మీద గోటితో కొద్దిగా గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. కొస నుంచి మొదలు వైపు గీకుతూ వచ్చి ఎక్కడ పచ్చదనం మొదలైతే అక్కడిదాకా ఎండిన భాగం తీసేయండి. ఆకులు లేని చెట్టు నీళ్లు తాగదు, కాబట్టి పై మట్టి రెండంగుళాల లోతు ఎండాక ఒక గ్లాసుడు చాలు, ఎరువు వద్దు. ఈ చెట్టును మాత్రం అడుగున 20 డిగ్రీల వేడి ఇచ్చి లైటు కింద పెడితే త్వరగా తేరుకుంటుంది. నెలా రెండు నెలల్లో చిగుళ్లు వస్తాయి. అవి అంటు కట్టు పైనుంచి వస్తున్నాయో కిందనుంచో చూసుకోండి. కట్టు కిందనుంచి, ఒక్కో కాడకు మూడేసి చిన్న ఆకులతో ముళ్లుగా వస్తుంటే అది అడుగున వాడిన అడవి రకం నారింజ. దాన్ని పెరగనిస్తే పైనున్న నిమ్మ చచ్చిపోతుంది, అలాంటి పిలకలు కనిపించిన రోజే మొదలంటా పీకేయండి.